కొండకు వెళ్లిన మేనమామ చీర

సూరత్‌లో కొండలు లేవు. ఎక్కాలనుకుంటే తాపీ నది మీద వంతెనలున్నాయి; అడాజన్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఆగిపోయిన రోజున మెట్లున్నాయి. ఈ రెండింటి మీదే సాధన చేసి, పత్రిక ఉద్యోగం నుంచి విశ్రాంతి పొందిన నేను మొన్న చలికాలం చివర్లో వీపున సంచి తగిలించుకొని సాత్పురా కొండల్లో ఒంటరిగా నడిచి వచ్చాను.

నర్మద చుట్టూ ప్రదక్షిణ చేసే కాలిబాట ఒకటుంది. నదిని ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంచుకోవాలి, మధ్యలో ఎక్కడా దాటకూడదు, దారిలో ఎవరేది పెడితే అది తినాలి. మొత్తం తిరగడానికి నెలలు పడతాయి. నేను నడిచింది అందులో ఒక ముక్క మాత్రమే: మధ్యప్రదేశ్‌లోని బడ్వానీ నుంచి గుజరాత్‌లోని గోరా దాకా, దక్షిణపు ఒడ్డున ఉన్న కొండల భాగం. దాన్ని శూల్‌పాణి ఝాడీ అంటారు. ఝాడీ అంటే దట్టమైన అడవి. ఇప్పుడు అడవి పలచబడింది, పేరు మాత్రం చిక్కగానే ఉంది.

"ముక్క ప్రదక్షిణకు ముక్క పుణ్యమే వస్తుంది" అంది మా ఆవిడ. నాకు అదీ ఎక్కువే.

పాండేసరలో ఒక చాయ్

బయల్దేరే ముందురోజు రాజేశం కబురు పెట్టాడు. రాజేశం సిరిసిల్ల వైపు నుంచి చిన్నతనంలోనే సూరత్ వచ్చి, సాంచాల మధ్యే పెద్దవాడైన మనిషి. మరమగ్గాన్ని ఇక్కడా అక్కడా సాంచా అనే అంటారు కాబట్టి అతనికి పెద్దగా ఊరు మారినట్టు అనిపించలేదట. పాండేసరలో అతను పనిచేసే కార్ఖానా బయట చాయ్ బండి దగ్గర కలిశాం. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక చీర.

"సార్, మీరు పోయేది నా తొవ్వనే" అన్నాడు.

"నీ తొవ్వ ఎట్లయిందయ్యా? అది నర్మదమ్మ తొవ్వ గదా."

"అమ్మదే. నేను దాంట్ల నాల్గు దినాలు పండుకున్న."

సంగతి ఇదీ. పోయిన ఏడు రాజేశం కూడా ఇదే దారిన నడుస్తూ కొండమీద జారి మడమ బెణికించుకున్నాడు. భూరీబాయి అనే పావరా గిరిజన ఇల్లాలు అతన్ని ఇంట్లో పడుకోబెట్టి, ఆకులు నూరి కట్టు కట్టి, జొన్నరొట్టెలు పెట్టింది. ఊరికే కూర్చోలేక రాజేశం ఆ వాడలోని చేపల వలలన్నీ ముందేసుకుని తెగినచోట ముళ్లు వేశాడు. భూరీబాయికి తోడబుట్టినవాళ్లు లేరు. రాజేశాన్ని అన్నా అని పిలిచింది. వచ్చే రోజున అతను మాటిచ్చాడు: "నీ బిడ్డ లగ్గానికి మేనమామ బట్ట నాది."

ఇప్పుడు ఫోన్‌లో కబురొచ్చింది: ఆ పిల్ల పెళ్లి కుదిరింది. ఇతని మడమ మాత్రం కుదరలేదు.

"సాంచాల నడుమనైతే పట్టుకొని నడుస్త. కొండ మీద దేన్ని పట్టుకోవాలె?" అన్నాడు. "ఆమె ఊరంత చెప్పుకున్నది సార్, సూరత్‌ల నాకు అన్న ఉన్నడని. మగపెండ్లోళ్లకు గూడ చెప్పిందట. రేపు బట్ట రాకుంటె ఆమె మొకం యాడ వెట్టుకుంటది?"

పడుగు చుట్టే బీము చివర మిగిలిన పోగు మీద, సేటును బతిమాలి, పని అయిపోయాక తానే నిలబడి నేశాడట. మిరపపండు ఎరుపు, చిలకపచ్చ అంచు.

"మడత విప్పొద్దు. మొదలు పిల్లనే విప్పాలె. పెండ్లి బట్టకు కత్తెర, సూది తాకొద్దని ఫాలు గూడ కుట్టియ్యలే."

"తడిస్తే?"

"సూరత్ మాల్ సార్ అది. జాడిస్తె ఆరిపోతది. పట్టు లెక్క నఖరాలు చెయ్యది."

ఇల్లు ఎలా గుర్తుపట్టాలని అడిగాను. "ఇంటి ముంగట బోరింగు, బోరింగు పక్కన ఇప్పచెట్టు. యాది పెట్టుకోండ్రి" అన్నాడు, ప్రపంచంలో అలాంటి ఇల్లు ఒకటే ఉన్నట్టు.

బడ్వానీ: నలభై రూపాయల కర్ర

సూరత్ మనిషికి పొద్దున్నే లోచో అనే ఉడికించిన శనగపిండి ముద్ద మీద నూనె, సేవ్ పడితేగాని కళ్లు తెరుచుకోవు. బడ్వానీలో అటుకుల మీద సేవ్ చల్లి, పక్కన జిలేబీ పెట్టి ముప్పై రూపాయలకు ఇచ్చారు. కారం నోటితో తీపి, తీపి నోటితో కారం. రెండో ప్లేటు కూడా తిన్నాను.

నడిచేవాళ్లంతా చేతికర్ర పట్టుకుంటారు. అమ్మేవాడు నలభై అన్నాడు.

"తిరిగిచ్చేస్తే ఇరవై వాపసు" అని తనే చెప్పాడు.

"నేను వెనక్కి రాను, ముందుకే పోతాను."

"అందరూ అదే అంటారు బాబా. మొదటి కొండ ఎక్కి, దిగి, ఈ కర్ర నాకే ఇచ్చి బస్సెక్కుతారు. ఒకే కర్రను ఎన్నిసార్లు అమ్మానో నాకే తెలీదు."

నది ఒడ్డున చిన్న సీసాలో నీళ్లు పట్టుకున్నాను. ఆ నీటిని చివరిదాకా మోయడం ఇక్కడి ఆచారం. ఇక దారిలో ఎవరు ఎదురైనా "నర్మదే హర్" అనాలి. పిల్లలైతే ఆ మాట అని వెంటనే చేయి చాపుతారు, బిస్కెట్ కోసం. ఒక గడుగ్గాయి బిస్కెట్ చూసి మొహం ముడుచుకున్నాడు: "క్రీము ఉన్నది లేదా?"

మామల రాజ్యం

రెండో కొండ ఎక్కేసరికి ఊపిరి ఈలలు వేస్తోంది. మలుపులో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగు!"

ఒకప్పుడు ఈ అడవిలో యాత్రికుల్ని నిలువునా దోచేవారని వినే వచ్చాను. దోచినవారిని యాత్రికులు తిట్టేవారు కాదట, మామా అనేవారట. నది తల్లి అయినప్పుడు ఆ తల్లి కొండల్లో పుట్టినవాళ్లు మేనమామలే కదా, మేనమామ తీసుకుంటే దోపిడీ ఎలా అవుతుందని. నా చేయి నాకు తెలియకుండానే సంచి అడుగున ఉన్న చీర మీదికి పోయింది.

"చాయ్ తాగకుండా ఎక్కడికి?" అన్నాడాయన.

పాలు లేని చాయ్, చక్కెర మాత్రం ఉదారంగా. తాగుతుంటే తనే మొదలుపెట్టాడు. "మా తాత దుప్పట్లు గుంజుకునేవాడు. నేను చాయ్ పోసి పంపిస్తున్నా. మా వంశం చెడిపోయింది బాబా."

అంటూ తనే ముందు నవ్వాడు. మన దగ్గర మేనమామ అంటే ఇచ్చేవాడు. పెళ్లిపీటల దగ్గరికి పిల్లను తెచ్చేది ఆయనే, బట్ట పెట్టేదీ ఆయనే. ఇక్కడి కథల్లో మేనమామ పుచ్చుకునేవాడు. ఇద్దరూ ఒకే చుట్టరికానికి రెండు కొసలు.

చాయ్ వద్దంటే ఇక్కడ మనసు కష్టపెట్టుకుంటారు. ప్రతి గుడిసె ముందూ తాగాను. మధ్యాహ్నానికి నా నడకలో భక్తి కన్నా తొందర ఎక్కువైంది. పొదలు ఎక్కడున్నాయా అని తప్ప నదివైపు చూడలేదు.

సుమతీ తాయి తూకం

మధ్యాహ్నం ఒక అన్నదానపు పాక దగ్గర సుమతీ తాయి కలిసింది. నాసిక్‌లో తపాలా ఉద్యోగం చేసి విరమించిన మనిషి. భుజానికి ఒక గుడ్డసంచి, చేతిలో కర్ర, అంతే. నా సంచిని ఒక చేత్తో లేపబోయి కింద పెట్టేసింది.

"ఇందులో ఎవరున్నారు?"

అడాజన్ దుకాణంలో రెండువేల నాలుగు వందలు పోసి కొన్న సంచి అది. నిండా నింపకపోతే డబ్బు దండగ అనిపించింది. ఆమె నిర్దాక్షిణ్యంగా విప్పించింది. మడత కుర్చీ, గ్యాస్ పొయ్యి, రెండో జత బూట్లు, మూడు రకాల టార్చిలైట్లు వరసగా బయటికొచ్చాయి. పాక నడిపే కుర్రవాళ్లు వాటి చుట్టూ చేరారు. సంతలా అయింది. కుర్చీలో అప్పుడే ఒక తాత కూర్చున్నాడు.

చివర ప్లాస్టిక్ కవరు. "ఇదేమిటి?"

"చీర. నాది కాదు."

"కాదనే ఆశిస్తున్నాను" అంది. కథంతా చెప్పాను. కవరును సంచిలో తనే తిరిగి పెట్టింది. "అయితే ఇది బరువు కాదు, పోస్టు. చేర్చితీరాలి. చిరునామా?"

"బోరింగు పక్కన ఇప్పచెట్టు."

"ఇలాంటి చిరునామాలు కూడా చేర్చాం లెండి మా కాలంలో."

ఆ రోజు భోజనం జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. మొదటి ముద్దకే ఆగిపోయాను. పులుపు, ఆ పులుపు వెనక ఒక వగరు. గోంగూర! ఇక్కడ అంబాడీ అంటారట. సూరత్ మార్కెట్‌లో మా వాళ్లు వెతికి వెతికి కొనుక్కునే ఆకు, ఈ కొండ మీద ఎవరూ అడగకుండానే కంచంలోకి వచ్చింది. మూడుసార్లు వడ్డించుకున్నాను. వడ్డించే ఆమె జాలిగా, "మీ ఊళ్లో కూర దొరకదా?" అంది.

పాక దాటాక ఒక వాగు. నీళ్లు మోకాలి లోతే, రాళ్లు మాత్రం సబ్బు రాసినట్టున్నాయి. జారి వెల్లకిలా పడ్డాను. సంచి కింద, నేను పైన. కవరుకు ఎక్కడో చిల్లు. చీర ఒక మూల తడిసింది. మడత విప్పితే రాజేశం మాట పోతుంది, విప్పకపోతే మచ్చ పడుతుంది. తాయి మడత మడతలాగే పట్టుకొని నాలుగు జాడింపులు జాడించి, ఎండ తగిలే బండ మీద పెట్టింది. నా చొక్కా పిండుకొని వచ్చేసరికి చీర పొడిగా ఉంది. నా చొక్కా నూలుది, సాయంత్రం దాకా నన్ను చలిలో వణికించింది. రాజేశం చెప్పింది నిజమే: సూరత్ మాల్.

తాయి నడక నాకు అందలేదు. "గోరాలో కలుద్దాం, పోస్టు సంగతి చెప్పాలి" అంటూ ముందుకు సాగిపోయింది.

మూడు కొండల మీద ఒకే ఊరు

రాజేశం చెప్పిన పేరున్న ఊరు చేరాను. అది మూడు కొండల మీద పరుచుకొని ఉంది. మన దగ్గర ఇల్లు ఇంటిని ఆనుకొని ఉంటేనే ఊరు. ఇక్కడ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కేక వినిపిస్తే చాలు, ఒకే ఊరు. పాత ఊరు ఆనకట్ట వెనక నీళ్ల కింద ఉందట. పైకి ఎక్కినవాళ్లు ఎవరికి చదును దొరికిన చోట వాళ్లు కట్టుకున్నారు. వాడవాడకూ బోరింగు ఉంది. బోరింగు పక్కన ఇప్పచెట్టు లేని చోటే లేదు.

"భూరీబాయి ఇల్లు?"

"ఏ భూరీబాయి?" అని ఎదురుప్రశ్న. ఆ పేరుగలవాళ్లు ప్రతి వాడలోనూ ఉన్నారు.

"కూతురి పెళ్లి..."

"ఈ నెలలో అందరి ఇళ్లలోనూ పెళ్లిళ్లే."

విసుగొచ్చి, "పోయిన ఏడు ఒక సూరత్ మనిషి కాలు బెణికి పడుకొని, వలలు బాగుచేశాడు చూడండి..." అన్నానో లేదో, అరుగు మీదున్న నలుగురూ ఒక్కసారి లేచారు. "జాల్‌వాలా బాబా!" వలల బాబా అన్నమాట.

వాళ్లలో భుజాన పెద్ద డోలు వేసుకున్న సన్నటి మనిషి ముందుకొచ్చాడు. "ఆయన పడుకుంది మా ఇంట్లోనే. భూరీ నా ఇల్లాలు. నా పేరు దిత్యా. పెళ్లికి డోలు అడిగి తీసుకుపోదామని వచ్చా." దారి పొడుగునా రాజేశం గురించే చెప్పాడు. "ఆయన వేసిన ముడి పక్కన తెగింది, పైన తెగింది. ముడి మాత్రం తెగలేదు. చేపలకు కూడా ఆయన తెలుసు."

భూరీబాయి ఇల్లు

వెదురు తడికల గోడలు, పేడతో అలికిన వాకిలి. పందిరి వేస్తున్నారు. ఒక మూల దర్జీ కాలిమిషన్ మీద రవికలు కుడుతున్నాడు. భూరీబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను కాదు, నా వెనక దారిని చూసింది.

"అన్న ఏడీ?"

చెప్పాను. అక్కడే కూలబడింది. "ఇంకా నడవలేకపోతున్నాడా? నేను కట్టిన కట్టే సరిగ్గా లేదేమో" అని ఆ తప్పు కూడా తన మీదే వేసుకుంది. తర్వాత కళ్లు తుడుచుకొని కూతురిని పిలిచింది. "రేఖా! మామ బట్ట పంపాడు."

వాడంతా చేరింది. రేఖ పీట మీద కూర్చొని మడత విప్పింది. నాలుగు మూలలా శుభానికి రాసిన పసుపు, ఎర్రటి నేత, కొంగు నిండా చిన్న చిన్న గళ్లు, అచ్చం వల కళ్లలాగే. ఆడవాళ్లంతా ఆహా అన్నారు. ఆ తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసంతా పాకింది. భూరీబాయి ఒక్కతే నవ్వలేదు.

అప్పుడు చూశాను. అక్కడున్న ఆడవాళ్లలో ఒక్కరూ చీర కట్టుకోలేదు. నిండు కుచ్చుల ఘాగ్రా, రవిక, తల మీద ఓణీ, మెడలో వెండి. పెళ్లికూతురికీ అదే. నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉండి, ఏడాది పాటు ఆలోచించి, రాజేశం చీర నేశాడు. అయిదున్నర మీటర్ల సూరత్ ప్రేమ. మనవాళ్లకు ఆడపిల్ల బట్ట అంటే చీరే, ఇంకో రూపం తోచదు.

రేఖ చీర ఒళ్లో పెట్టుకొని అంది: "మామ తెచ్చిన బట్టతోనే పందిట్లోకి రావాలి. ఇది చుట్టుకుంటే ఆడలేను. ఆడకపోతే పెళ్లెందుకు?"

దర్జీ మిషన్ ఆపాడు. "ఇటివ్వండి, పాత ఘాగ్రా లోపల వేసి పొద్దు వాలేలోగా కొత్తది చేసేస్తా."

"కత్తెర తాకొద్దన్నాడు" అన్నాను.

భూరీబాయి చేయెత్తి దర్జీని ఆపింది. "అన్న వద్దంటే ముట్టను. పెట్టెలో దాచుకుంటాం."

"రేపు మగపెళ్లివాళ్లు వచ్చి మామ బట్ట ఏదీ అంటే?" అంది ఒక ముసలామె.

భూరీబాయి లేచింది. "అన్ననే అడుగుదాం."

సిగ్నల్ బండ

ఆ ఊళ్లో ఫోన్ పలికేది ఒకే చోట, కొండ నెత్తిన ఏనుగు వీపులాంటి బండ మీద. తల్లీకూతుళ్లు, దిత్యా, దర్జీ, అందరం ఎక్కాం. ఫోన్‌లో ముందు వినిపించింది పాండేసర సాంచాల మోత. నాకైతే ఊరు గుర్తొచ్చింది.

"ముట్టిందా సార్?"

"ముట్టింది. కానీ ఇక్కడ చీర కట్టరయ్యా!"

"ఏందీ?"

"చీ-ర క-ట్ట-రు! ఘాగ్రాలు!"

"ఎవలు?"

"అందరూ!"

మోత తగ్గింది; బయటికి నడిచినట్టున్నాడు. కోసి కుడితే ఘాగ్రా అవుతుందని చెప్పాను.

"సార్, పోగు తెగితెనే నా పానం కొట్టుకుంటది. నిలువున కోస్తరా?"

"అడ్డంగా."

"ఏదన్న ఒకటే గదా" అన్నాడు దిగులుగా. "పిల్లకియ్యండ్రి ఫోను."

రేఖ హిందీలో గడగడా మాట్లాడింది. "మామా, కొయ్యకపోతే పెట్టెలో పెడతా, హోలీకి ఒకసారి తీసి చూస్తా. కోస్తే రేపు పొద్దంతా ఇది కట్టుకొని ఆడతా. నీకేది కావాలో చెప్పు."

అవతల రాజేశానికి హిందీ మరుపొచ్చింది. స్పీకర్‌లో అందరికీ వినిపించింది: "ఆడు బిడ్డా. మంచిగ ఆడు."

ఎవరూ నన్ను అర్థం అడగలేదు. భూరీబాయి ఓణీతో మొహం కప్పుకుంది.

"ఇంకొకటి సార్" అన్నాడు రాజేశం. "కత్తెర మొదలు దర్జీకియ్యకుండ్రి. మేనమామ చెయ్యి వడాలె. నా బదులు మీరు కొయ్యండ్రి. కొంగును మాత్రం ముట్టొద్దు. దాంట్ల వాళ్ల వల ఉన్నది."

కిందికి దిగి కత్తెర పట్టుకున్నాను. ఎన్నో వార్తలు నిర్దయగా కత్తిరించిన చెయ్యి అది. "బాబా, వంకాయ కాదు, తిన్నగా" అన్నాడు దర్జీ. అయినా వంకరే పోయింది. మిగతాది అతను సరిచేశాడు. చీర పొడవంతా కుచ్చుల్లోకి వెళ్లింది, అంచు పాదాల దగ్గర పచ్చగా నిలిచింది, కొంగు ఓణీ అయింది.

మర్నాడు మగపెళ్లివాళ్లు డోళ్లతో కొండ ఎక్కారు. ఆడవాళ్లు చేతులు కలిపి వరసగా ఆడుతుంటే మధ్యలో ఆ ఎరుపు గిరగిరా తిరిగింది. పెళ్లికొడుకు తల్లి ఓణీ అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఎక్కడిది?"

"మా అన్న నేశాడు. సూరత్‌లో" అంది భూరీబాయి, కాస్త గట్టిగానే, పందిరంతా వినేలా.

నన్ను మేనమామ మంచం మీద కూర్చోబెట్టారు. దిగనివ్వలేదు. ఆ వంకర కోత ఎవరికీ కనపడలేదు.

గోరా మీదుగా ఇంటికి

వచ్చే ముందు భూరీబాయి పాత గుడ్డలో కట్టిన మూట ఒకటి చేతిలో పెట్టింది. "ఇది వదినకు. విప్పొద్దు." నా సంచి అప్పటికి తేలికైంది కాబట్టి నవ్వుతూ మోశాను. గోరాలో సుమతీ తాయి పాదాలకు నూనె రాసుకుంటూ కనిపించింది.

"పోస్టు?"

"చేరింది. వాళ్లే విప్పారు. నేనే కోశాను."

"తపాలావాడు పార్సిల్ కొయ్యడం మా సర్వీసులో లేదు" అంది. నా సీసాలోని నీళ్లు ఆమె సీసాలో పోశాను. ఆమె సముద్రం వైపు సాగిపోయింది, నేను రాజ్‌పిప్లా మీదుగా సూరత్ బస్సెక్కాను.

ఇంటికి కూడా పోకుండా పాండేసరలో దిగాను. రాజేశం, అతని భార్య లచ్చవ్వ ఉండేది ఒకే గది. ఫోన్‌లో ఫొటో చూపించాను. రాజేశం ఆ ఎరుపును పెద్దగా చేసి, ఇంకా పెద్దగా చేసి, పోగు కనిపించేదాకా చూశాడు. అనాల్సిందంతా లచ్చవ్వ అంది.

"నాల్గు దినాలు ఆ ఇంట్ల తిన్నవు, పన్నవు. ఆడోళ్లు ఏం కట్టుకుంటరో సూడలేదా అయ్యా?"

"పరాయి ఆడోళ్ల దిక్కు ఎట్ల సూస్తనే? చెల్లె అన్నంక మొకం దిక్కే సూసిన."

"వలలు మాత్రం మంచిగ సూసినవు!"

మూట గుర్తొచ్చి ఇచ్చాను. లచ్చవ్వ విప్పింది. పైన ఎండబెట్టిన గోంగూర. దాని కింద, నిండు కుచ్చులతో, పసుపు మీద నీలి పూలతో, కొత్త ఘాగ్రా. లచ్చవ్వ పుట్టి బుద్ధెరిగి చీర తప్ప కట్టలేదు. కొండ మీది ఆడబిడ్డకు ఆ సంగతి తెలియదు. ఆమెకూ ఆడమనిషి బట్ట అంటే ఒకటే రూపం.

ముగ్గురం కాసేపు దాన్నే చూశాం. తర్వాత లచ్చవ్వ పగలబడి నవ్వింది, గోడ అవతలివాళ్లు ఏందీ ఏందీ అని అడిగేదాకా. నవ్వు ఆగాక ఘాగ్రా తీసుకొని పరదా వెనక్కి వెళ్లింది. తిరిగి వచ్చి, రెండు మంచాల మధ్య ఉన్న కాస్త జాగాలో, నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఇగో, ఇప్పుడన్న సూడు" అని ఒక చుట్టు తిరిగింది.

రాజేశం ఈసారి చూశాడు.